సాక్స్‌హార్న్ పేటెంట్ గొడవ: కొత్తదనం ఎక్కడుందో ఎవరైనా చెప్తారా?

ఫ్రెంచ్ చదవగలిగినవాళ్లు గానీ ఇత్తడి వాయిద్యాలు బాగు చేసేవాళ్లు గానీ ఉంటే కాస్త సాయం చేయండి. వాయిద్యాలు తయారుచేసే అడాల్ఫ్ సాక్స్ బెల్జియం నుంచి 1842లో పారిస్ వచ్చి, 1843లోనూ 1845లోనూ ఇత్తడి వాయిద్యాల మీద పేటెంట్లు తీసుకున్నాడు, సాక్సోఫోన్‌ది 1846లో, అది వేరే కథ. నా తలనొప్పంతా సాక్స్‌హార్న్ గురించే, అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా ఉండే, వాల్వులున్న ఇత్తడి ఊదుడు వాయిద్యాలు.

పారిస్‌లో మిగతా తయారీదారులు చాలామంది ఒక్కటై, వాల్వుల బ్యూగిల్ (సైన్యంలో ఊదే కొమ్ముబూరకి, స్వరాలు మార్చే మీటలు అమర్చింది) జర్మనీలో ముందే ఉంది, ఇందులో నువ్వు కనిపెట్టిందేంటి అని కోర్టుకెక్కారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు, ఎందుకంటే స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు చేసిన వాల్వుకి ప్రష్యాలో (అప్పటి జర్మన్ రాజ్యం) 1818లోనే పేటెంట్ వచ్చింది. కేసులు ఏళ్ల తరబడి సాగాయి, 1852లో సాక్స్ దివాలా తీశాడు, అయినా 1854లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగర కోర్టులో ఆయనే గెలిచాడు!

వాల్వు ఆయనది కాదు, బ్యూగిల్ ఆయనది కాదు, మరి కోర్టు దేన్ని కొత్తదంది? గొట్టం వంపులనా, లావు సన్నాల కొలతలనా, చిన్నదాని నుంచి పెద్దదాకా అన్నీ ఒకే తీరులో చేయడాన్నా? పేటెంట్ బొమ్మలు చూసినవాళ్లుంటే చెప్పండి, ఊహలొద్దు, అవి నా దగ్గర చాలానే ఉన్నాయి.