సమస్య: మసియె చుక్క కిచ్చె మంచి వెలుగు

ఛందస్సు ఆటవెలది. నియమం ఒక్కటే: కర్బన తారల (ఆక్సిజన్ కన్నా కర్బనం ఎక్కువున్న చుక్కల) చుట్టూ ఉండే మసిపొరను పరారుణంలో, అంటే ఎరుపుకు అవతల కంటికి కానరాని కాంతిలో చూస్తే ఏం కనిపిస్తుందో పద్యంలో ఉండాలి.

పూరణ 1

సింహరాశిలోనఁ జిరుచుక్క నొకదానిఁ
గనుల కందకుండఁ గప్పె ధూళి
ఐదు మైక్రనులను నగ్రగణ్యంబయ్యె
మసియె చుక్క కిచ్చె మంచి వెలుగు

— ఇది ఐఆర్‌సీ+10216 అనే కర్బన తార గురించే. 1969లో బయటపడింది. సౌరకుటుంబం బయట 5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్) తరంగదైర్ఘ్యం దగ్గర దీన్ని మించిన కాంతి లేదు. యతులు చక్కగా కుదిరాయి. కానీ మసికి సొంత సొమ్ము ఏముందని ఇస్తుంది? ఆ సంగతి పద్యం చెప్పలేదు.

పూరణ 2

చుక్క వెలుగు నెల్ల సొంతంబు గావించి
వేఁడి యెక్కి తాను విడిచె మరల
కన్ను కానలేని కాంతిగా మారిచి
మసియె చుక్క కిచ్చె మంచి వెలుగు

— లెక్క తేలింది. మసిది మారుబేరమే. సుమారు 600 కెల్విన్ల పొర 4.8 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా వెలుగుతుంది. ఒక్క మాట: 2,000 కెల్విన్లు దాటిన ఆ చుక్క వెలుగులోనూ ఎక్కువ భాగం కన్నుకు కానరానిదే. మసే దాన్ని అలా మార్చిందన్న మూడో పాదం ఆ మేరకు వదులుగా ఉంది.

పూరణ 3

ఇసుక ధూళి చుట్టి యెఱ్ఱగాఁ గాలఁగాఁ
బదికిఁ జేరువైన పట్టెలోన
శిఖర మగుపడంగఁ జిత్రంబుగాఁ దోఁచె
మసియె చుక్క కిచ్చె మంచి వెలుగు

— గణాలు సరే, రసాయనం తప్పింది. మసి ఉన్నచోట ఇసుక ఎలా వచ్చింది? కర్బనం ఆక్సిజన్‌ను మించితే ఆక్సిజన్ దాదాపు అంతా కార్బన్ మోనాక్సైడ్‌లో ఇరుక్కుపోతుంది, సిలికేటుకు, అంటే ఇసుక జాతి ధూళికి, మిగలదు. సిలికేటు చూపే 9.7 మైక్రాన్ల శిఖరం ఆక్సిజన్ ఎక్కువున్న తారలది. ఇక్కడ ఉండేది సిలికాన్ కార్బైడ్, అంటే సానరాయి పొడి. అది ప్రత్యేకంగా వెలిగే పట్టె 11.3 మైక్రాన్ల దగ్గర. అసలు మసికైతే ఏ శిఖరమూ లేదు, నున్నటి వాలే.

నేల మీది దుర్భిణితో చూసి రాశారేమో! 9.6 దగ్గర మన ఓజోన్ కాంతిని మింగుతుంది. ఆ లోటు సరిచేయడానికి, వెలుగు ముందే తెలిసిన ప్రమాణ తార కాంతితో భాగిస్తాం; దాన్ని అదే ఎత్తులో కాక ఇంకా దిగువన చూసి భాగిస్తే అక్కడ దొంగ శిఖరం లేస్తుంది. ఆకాశం, దుర్భిణి కూడా 280 కెల్విన్ల దగ్గర మెరుస్తుంటాయి కాబట్టి అద్దాన్ని అటూ ఇటూ ఊపి నేపథ్యాన్ని తీసేస్తాం. ఆ ఊపు పొర వెడల్పు కన్నా చిన్నదైతే పొర కాంతి కూడా కొంత తీసివేతలో పోతుంది.

మొదటి రెండు పాదాలు ఇలా మార్చి చూడండి:

సానరాతిపొడియు జతఁగూడి వేడెక్కఁ
బదునొకండు దాటి పట్టె వెలిగె