అంత్యక్రియల సంస్థలో శిక్షణ: మొదట్లో రిజిస్టరు పనే ఇస్తారా?

ప్రశ్న:

నేను ఇటీవల ఒక అంత్యక్రియల నిర్వహణ సంస్థలో అప్రెంటిస్‌గా చేరాను. భౌతికకాయాన్ని శుభ్రపరచడం, ఎంబామింగ్ (దేహం పాడవకుండా రసాయన ద్రావణం ఎక్కించడం) చేయడం, కుటుంబ సభ్యులు కడసారి చూసుకునేందుకు వీలుగా సిద్ధం చేయడం నేర్చుకోవాలన్న ఉద్దేశంతోనే ఈ వృత్తిలోకి వచ్చాను. అయితే ఇంతవరకూ నా చేత వాహనం కడిగించడం, స్ట్రెచర్ తుడిపించడం, రిజిస్టరు రాయించడం తప్ప మరేదీ చేయించలేదు. అడిగితే మా సీనియర్ గారు, రిజిస్టరు తప్పు లేకుండా రాయడం వచ్చాక మిగతావి చూద్దామని అంటున్నారు. ఇది నిజంగా శిక్షణలో భాగమేనా, లేక తక్కువ జీతానికి దొరికిన మనిషితో చాకిరీ చేయించుకోవడమా? ఇంకొక సందేహం కూడా ఉంది. కుటుంబ సభ్యుల ఎదుట ఏం మాట్లాడాలో తెలియక మౌనంగా నిలబడిపోతున్నాను. ఈ పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

మీ సీనియర్ గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ వృత్తిలో సరిదిద్దుకోలేని పొరపాటు ఒకటే ఉంది, అది ఒకరి దేహాన్ని మరొకరిదిగా పొరబడటం. అలంకరణలో లోపముంటే మళ్ళీ సవరించవచ్చు, వాహనం ఆలస్యమైతే క్షమాపణ చెప్పవచ్చు, కానీ దహనం జరిగిపోయాక చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే దేహం ఆసుపత్రి మార్చురీ నుంచి బయటికి వచ్చేటప్పుడు, మన శీతల గదిలోకి చేరేటప్పుడు, తిరిగి బయటికి తీసేటప్పుడు, పెట్టెలో ఉంచేటప్పుడు ప్రతిసారీ మణికట్టుకో చీలమండకో కట్టిన ట్యాగును రిజిస్టరుతో సరిచూడాలి. ఒకరు పైకి చదవాలి, మరొకరు చూసి అవునని చెప్పాలి. ఇంటిపేరు, వయసు కలిసిన ఇద్దరు ఒకే రోజున వస్తే ఆ అలవాటు తప్ప మనల్ని కాపాడేది మరొకటి లేదు.

రిజిస్టరులోని ప్రతి గడికీ ఒక కారణం ఉంటుంది. ఒంటిమీది ఉంగరాన్ని 'బంగారు ఉంగరం' అని రాయకుండా 'పసుపు రంగు లోహపు ఉంగరం' అని రాయమంటారు, ఎందుకంటే అది బంగారమేనని ధ్రువీకరించే అధికారం మనకు లేదు. పేస్‌మేకర్ (గుండె లయను సరిచేసేందుకు ఒంట్లో అమర్చే పరికరం) ఉందా అన్న గడి మరీ ముఖ్యమైనది. దహన కొలిమిలో వేడి సుమారు 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వరకూ చేరుతుంది కాబట్టి, తీయకుండా వదిలేసిన ఆ పరికరం బ్యాటరీ పేలి కొలిమి లోపలి గోడను దెబ్బతీయగలదు, దగ్గరున్న మనిషిని కూడా గాయపరచగలదు. 'లేదు' అని రాయడానికీ, ఆ గడిని ఖాళీగా వదిలేయడానికీ ఎంత తేడా ఉందో గ్రహించిన మనిషికే సీనియర్లు ధైర్యంగా దేహాన్ని అప్పగిస్తారు.

ఆ రోజు వచ్చేలోపు కొన్ని సంగతులు తెలిసి ఉండటం మంచిది. దేహాన్ని పక్కకు తిప్పినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికి వచ్చి నిట్టూర్పు లాంటి శబ్దం వినిపించవచ్చు. ముందే తెలియకపోతే ఎవరికైనా గుండె జారిపోతుంది. కండరాల బిగుతు సాధారణంగా మరణించిన 2 నుంచి 6 గంటల్లో దవడ, మెడ వంటి చోట్ల మొదలై, సుమారు 12 గంటలకు ఒళ్ళంతా వ్యాపిస్తుంది. అప్పుడు చేతిని బలవంతంగా వంచకూడదు, కీలు దగ్గర మెల్లగా ఆడిస్తూ సడలించాలి. తల కింద తప్పకుండా ఎత్తు పెట్టాలి. లేకపోతే రక్తం ముఖంలో నిలిచి, చర్మం మీద పోని మరకలుగా మిగులుతుంది.

రెండవ సమాధానం:

పై సమాధానంలోని విషయాలన్నీ నిజమే అయినా, ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. రిజిస్టరు రాయించడం శిక్షణ కావాలంటే, ఏ గడి ఎందుకు ఉందో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. అలా చెప్పేవారు లేకపోతే మీ అనుమానం సబబే. ఏ నెలకు ఏ పని నేర్పుతారో రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి.

అంతకంటే ముందు మీ ఆరోగ్యం సంగతి చూసుకోండి. దేహాన్ని తాకే పనికి ముందే హెపటైటిస్-బి టీకా వేయించుకోవాలి. ఎంబామింగ్ ద్రావణంలో సాధారణంగా ఉండే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి గాలిని బయటికి లాగే ఏర్పాటు సరిగా లేని గదిలో, కళ్ళు మండుతున్నా ఓర్చుకుని పనిచేయడాన్ని ఎవరూ నేర్పుగా భావించకూడదు. అలాగే ప్రతి దేహానికీ ఎంబామింగ్ అవసరం లేదు. కొద్ది రోజుల వ్యవధికైతే 2 నుంచి 4 డిగ్రీల చల్లదనం చాలావరకు సరిపోతుంది. బరువులు ఎత్తే పద్ధతిని కూడా చిన్నచూపు చూడవద్దు. ఈ వృత్తిని మధ్యలో వదిలేసినవారిలో నాకు తెలిసిన ఎక్కువమంది భయంతో కాదు, నడుము నొప్పితో వదిలేశారు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పేస్‌మేకర్ గడి గురించి ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు, రేపే టీకా గురించీ శిక్షణ ప్రణాళిక గురించీ అడుగుతాను. కుటుంబ సభ్యులతో మాట్లాడే విషయం కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

మూడవ సమాధానం:

'మీ బాధ నాకు అర్థమవుతోంది' అనే మాట మాత్రం వాడకండి, ఎందుకంటే ఆ క్షణంలో అది వారికి నిజమనిపించదు. పోయినవారిని 'బాడీ' అని కాకుండా పేరుతోనో, 'మీ అమ్మగారు', 'మీ అన్నగారు' అనో ప్రస్తావించండి. తర్వాత ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా, చిన్న మాటల్లో చెప్పండి. తలుపు తీసే ముందే చేయి చల్లగా తగులుతుందనీ, ముఖం రంగు కొంత మారి ఉంటుందనీ చెబితే, లోపలికి వెళ్ళిన మనిషి ఉలిక్కిపడరు.

మాటల కోసం వెతుక్కునే బదులు, చేయవలసిన పనికి సంబంధించిన ప్రశ్న అడగడం మేలని నా అభిప్రాయం. పాపిడి ఏ వైపు తీసేవారు, కళ్ళజోడు ఎప్పుడూ పెట్టుకునేవారా అని అడిగితే, అప్పటిదాకా నోరు విప్పని వారు కూడా మాట్లాడటం నేను చూశాను. ఒక పెద్దాయన తన భార్య కళ్ళజోడును జేబులోంచి తీసి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి నా చేతిలో పెట్టి, ఎడమవైపు కొంచెం కిందికి జారి ఉండేదని చెప్పారు. మేము అలాగే పెట్టాము. కళ్ళలో నీళ్ళు తిరిగితే తప్పేమీ లేదు, అయితే వారు మిమ్మల్ని ఓదార్చవలసిన పరిస్థితి మాత్రం రానివ్వకండి. అంతగా ముంచుకొస్తే, ఏదో కాగితం తేవాలన్నట్లు రెండు నిమిషాలు బయటికి వెళ్ళి రండి. మీ సీనియర్ గారు కూడా అలా వెళ్ళి వచ్చే ఉంటారు, అడిగి చూడండి.