ఎనిమిదో తరగతి పిల్లల చేత కార్డు కథలు (పోస్టుకార్డు మీద పట్టేంత చిన్న కథలు) రాయించడం ఎలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
క్లాసులో 30 మంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు పీరియడు 40 నిమిషాలే. కథ రాయమంటే ‘అనగనగా’ అని మొదలెట్టి, రెండు పేజీలు నింపి, చివర నీతి పెడతారు. 50 మాటల్లో రాయమంటే అదే కథ సారాంశమైపోతోంది. ఇంత చిన్న కథలతో నిజంగా రాత మెరుగవుతుందా?

గుణుపురం నుంచి
అవుతుంది మాస్టారూ, కానీ ముందు మాటల లెక్క మానేయండి. తెలుగులో మాటలు అతుక్కుంటాయి. ‘వెళ్ళి పోయాడు అని’ మూడు మాటలు, ‘వెళ్ళిపోయాడని’ ఒకటే. పిల్లలు కథని వదిలేసి ఖాళీలు తగ్గిస్తారు. వాక్యాలు లెక్కపెడితే ‘లేచి, తిని, బయల్దేరి’ అని గొలుసు కడతారు. పోస్టుకార్డు కొలత ఇవ్వండి: 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు, ఒక వైపే.

సారాంశం ఎందుకవుతుందంటే, ఏళ్ళ తరబడి జరిగేది ఎంచుకుంటారు. ఒక చోటు, ఇద్దరు మనుషులు, ఒక వస్తువు, పది నిమిషాల్లో జరిగే సంగతి, ఇంతే ఉండాలి. ‘కొన్నాళ్ళకి’ అన్న మాట రాకూడదు.

12 నిమిషాలు రాత. 8 నిమిషాలు పక్కవాళ్ళు పైకి చదవాలి. రాసినవాళ్ళే చదివితే కాగితం మీద లేనిది కూడా కలిపేసుకుంటారు. 15 నిమిషాలు కొట్టివేత. ముందు పోవాల్సింది మనసు సంగతి చెప్పే మాటలు. ‘కొడుకు రానందుకు అమ్మ చాలా బాధపడింది’ తీసేసి, ‘అమ్మ పప్పుగిన్నె మూత తీసి చూసింది. మళ్ళీ పెట్టేసింది. రెండో కంచం ఇంకా బోర్లించే ఉంది.’ అసలు నేర్పు ఇక్కడుంది.

జయపురం
మెరుపు ముగింపు, అంటే చివర్లో ఊహించని మలుపు, మాత్రం అడగకండి. అడిగితే ఎవరో ఒకరు చచ్చిపోతారు, లేదంటే అంతా కల. ఆఖరి వాక్యాన్ని చేత్తో మూసి చదవమనండి. అది లేకపోయినా కథ అందితే కొట్టేయాలి.

ఇంకోటి. కార్డు కథ ఎంపిక, కోత నేర్పుతుంది. పాత్రని పెంచడం, కథని దూరం నడపడం నేర్పదు. ఐదారు కార్డులయ్యాక ఒకటి తీసుకుని, ముందు రోజు ఏం జరిగిందో రెండు పేజీలు రాయించండి.

మహేంద్రతనయ
సంభాషణల్లో ఒడియా మాటలు దొర్లుతున్నాయి. దిద్దాలా?

గుణుపురం నుంచి
వద్దండీ. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠం చెప్పిన ఊరు మీది! సంతలో బేరమాడేవాడు ఒడియాలో ‘కేతే?’ (ఎంత?) అంటే ‘కేతే?’ అనే ఉండాలి. కథనం తెలుగులో నడిస్తే చాలు. మొదటి ప్రతి మీద ఎర్ర సిరా పడనివ్వకండి, తప్పులకి భయపడి తెలిసిన మాటలే రాస్తారు. అక్షరదోషాలు శుభ్రప్రతిలో చూసుకోవచ్చు.