సూర్యుణ్ణి గమనించడానికి ఇన్ని దేశాలు కలిసి పనిచేయవలసిన అవసరం ఏమిటి?

ప్రశ్న:
భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉన్న ఎల్1 బిందువు (సూర్యుడి, భూమి ఆకర్షణల వల్ల నౌక భూమితో పాటే తిరుగుతూ నిలవగలిగే చోటు) దగ్గర విండ్, ఏస్, సోహో, ఆదిత్య ఎల్1 వంటి అంతరిక్ష నౌకలను నిలిపారు. పంపిన దేశాలు వేరైనా అవి గమనించేది ఒకే సూర్యుణ్ణి. ఈ సహకారం శాస్త్రపరంగా తప్పనిసరా, లేక ఖర్చు పంచుకోవడానికేనా? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం:
ఖర్చు సంగతి నిజమే గాని అసలు కారణం అది కాదు. నౌక తన మీదుగా సాగిపోయే సౌర పవనాన్ని, అంటే సూర్యుడి నుంచి ఎడతెగక వీచే విద్యుదావేశ కణాల ప్రవాహాన్ని, మాత్రమే కొలవగలదు. సూర్యుడి కరోనా (బయటి వాతావరణం) నుంచి విరజిమ్మబడి, భూమిని చేరేసరికి కోట్ల కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించే ప్లాస్మా (విద్యుదావేశ వాయు) మేఘాన్ని ఒక్క నౌకతో అంచనా వేయడం, ఏటిలో ఒక్కచోట కొయ్య పాతి ఏరంతటి తీరూ చెప్పబోవడం వంటిది.

2020 సెప్టెంబరులో నాసా వారి పార్కర్ నౌక, నాసా భాగస్వామ్యంతో యూరప్ పంపిన సోలార్ ఆర్బిటర్ నౌక సూర్యుడికి ఒకే వైపున దాదాపు ఒకే వరుసలోకి వచ్చాయి. సూర్యుడికీ భూమికీ మధ్య దూరంలో పదో వంతు దగ్గర పార్కర్ కొలిచిన ప్లాస్మానే, అది కోట్ల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చాక, భూకక్ష్య సమీపంలో సోలార్ ఆర్బిటర్ మళ్ళీ కొలిచింది. బయలుదేరినప్పుడు ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోని ప్లాస్మా ప్రవాహపు అల్లకల్లోలం దారిలో ముదిరిందని, ఆ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేలింది.

రెండవ సమాధానం:
భూమి మీది పరిశీలనలకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఒక్క వేధశాలే ఉంటే రాత్రిళ్ళు పరిశీలన ఆగిపోతుంది; ఆ ఖాళీల వల్ల సూర్యుడి ఉపరితలం సుమారు ఐదు నిమిషాలకోసారి పైకీ కిందకీ ఊగే కంపనాలను లెక్కించేటప్పుడు, నిజంగా లేని పౌనఃపున్యాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే 1995లో పూర్తయిన గాంగ్ అనే వేధశాలల వ్యవస్థలో ఉదయపూర్ (భారత్), లెర్‌మంత్ (ఆస్ట్రేలియా), టెనెరిఫె (స్పెయిన్ దీవి), సెర్రో టొలోలో (చిలీ), బిగ్ బేర్ (కాలిఫోర్నియా), మౌనా లోవా (హవాయి) అనే ఆరు చోట్ల ఒకే రకం పరికరాలు పెట్టారు.

సౌర పవనం గుండా చూసినప్పుడు రేడియో తరంగాలు వెలువరించే దూరపు ఖగోళ వస్తువులు మినుకుమంటాయి. ఆ మినుకును బట్టి పవన వేగాన్ని, సాంద్రతను అంచనా వేస్తారు. ఊటీలోని 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోపు, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారి టెలిస్కోపులు 327 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పనిచేయడం వల్ల వాటి ఫలితాలను నేరుగా పోల్చవచ్చు.

మూడవ సమాధానం:
పోల్చగలగడమే ఇందులో అతి కష్టమైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. సన్‌స్పాట్ల, అంటే సూర్యుడి మీది నల్లని మచ్చల, సంఖ్యనే తీసుకోండి. గత శతాబ్దంలో జ్యూరిచ్ వేధశాల పద్ధతిలో పెద్ద మచ్చను ఒకటిగా కాక, పరిమాణాన్ని బట్టి ఐదు వరకూ లెక్కించేవారు. దానివల్ల 1947 తరువాతి సంఖ్యలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించాయి. అనేక దేశాల పరిశీలకుల పాత నమోదులను ఓపికగా పోల్చి చూసిన తరువాతే, 2015లో ఈ సంఖ్యను లెక్కగట్టే బ్రస్సెల్స్ కేంద్రం సవరించిన వరుసను విడుదల చేసింది. సమాచారాన్ని అందరికీ తెరిచి ఉంచితే చాలదు, అది ఎలా కొలిచినదో కూడా రాసి ఉంచాలి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మరి ఎల్1 దగ్గరి కొలతలు మనకు ఎంత ముందుగా హెచ్చరిక ఇస్తాయి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
పవన వేగాన్ని బట్టి సుమారు 15 నిమిషాల నుంచి గంట వరకు. మేఘం బయలుదేరిన సంగతి కరోనా చిత్రాల్లో ముందే తెలిసినా, దానిలోని అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురుగా దక్షిణానికి తిరిగి ఉందో లేదో, అంటే భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపే తీవ్రమైన భూఅయస్కాంత తుఫాను వస్తుందో రాదో, అది ఎల్1ను తాకాకే నమ్మకంగా తెలుస్తుంది. ఇంకా ముందుగా తెలియాలంటే సూర్యుడికి మరింత దగ్గరగా, ఆ మేఘం వచ్చే దారిలోనే మరొక నౌక ఉండాలి.