బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ)లో పేషెంట్ల మీద విసుగు రావడం మామూలేనా?

రాజాం_మూడో_ఏడు:
పొద్దున ఆసుపత్రిలో పోస్టింగ్, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి రికార్డులు. ఇది అందరికీ ఉండేదే. నా బాధ వేరు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన రోజూ "అమ్మా, ఈ చెయ్యి మళ్లీ లెగుస్తాదా?" అని అడుగుతారు. మొదట్లో పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు వినబడనట్టు గోనియోమీటర్ తీసి కీలు వంగే కోణం కొలిచేస్తున్నాను. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతోంది.

పలాస_ఇంటర్న్:
నీ ఒక్కదానికే కాదు చెల్లీ. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గంటల తరబడి కూర్చుని పనిచేసే ఆడవాళ్లు నడుం నొప్పితో వస్తారు. "కరెంటు ఎట్టేయ్ బాబూ, ఎక్సర్‌సైజులకి టైమేది?" అంటారు. ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గడానికి ఇచ్చే కరెంటు) పెట్టి పంపిస్తాం, మళ్లీ అదే నొప్పితో వస్తారు. వాళ్ల పని మారదు కదా. నన్ను నీరసపెట్టింది అదే, పుస్తకాలు కాదు.

బొబ్బిలి_సప్లీ:
నాది అనాటమీ సప్లీ. నీట్‌లో ర్యాంకు రాక ఇందులో చేరాను. ఇంట్లో ఇంకా "ఎంబీబీఎస్ అయ్యుంటే" అంటారు. ఫోన్ చేయడమే మానేశాను. నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు.

విజయనగరం_ఫిజియో:
ముందు బొబ్బిలి తమ్ముడికి. నిద్ర, తిండి రెండూ పోతే చదువు టెన్షనే అనుకుని ఊరుకోకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఈ రోజే ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

రాజాం చెల్లీ, నీ గుణం ఏమీ మారిపోలేదు. బర్నవుట్‌ని (పని ఒత్తిడితో మనసు అలిసిపోవడాన్ని) కొలిచే మస్లాక్ ప్రశ్నావళిలో మూడు విషయాలు చూస్తారు: మనసులో ఓపిక అయిపోవడం, పేషెంట్ మనిషిలా కాక కేసులా కనిపించడం, నా వల్ల ఏమీ కావట్లేదనిపించడం. నువ్వు రాసింది రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నవుట్‌ని జబ్బుగా కాక, పని దగ్గర పుట్టే సమస్యగానే చేర్చింది. యోగా చేయమంటే సరిపోదు, పని గంటలూ చూడాలి. (మా కాలేజీలో ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టారు, అదీ ఆదివారం!)

పెద్దాయనకి అవుననో కాదనో చెప్పక్కర్లేదు. "ఈ వారం గ్లాసు పట్టుకోగలరేమో చూద్దాం" అను. ఆయనకీ నీకూ చేతికందే పని అది.

రాజాం_మూడో_ఏడు:
గ్లాసు సంగతి చూస్తానక్కా. పని గంటల గురించి ఒక్కదాన్నే వెళ్తే హెచ్‌ఓడీ వినరు. ఎవరైనా బ్యాచ్ అంతా కలిసి అడిగారా?

పలాస_ఇంటర్న్:
మేం అడిగాం. పోస్టింగ్ గంట కూడా తగ్గలేదు. కానీ ఒకే కేసుని రెండు రికార్డుల్లో రాయించడం ఆపారు.