నాయనకి నడుం ఎమ్మారై అయిపోయింది, ఇప్పుడు మెడకి ఎమ్మారై, సీటీ రెండూ అంటున్నారు. నిజంగా కావాల్నా?

కనిగిరి_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది కనిగిరి దగ్గర పల్లె. మా నాయనకి అరవై దాటినయ్, పుట్టినప్పట్నుంచీ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళే, ఆర్వో ప్లాంటు వచ్చింది మొన్నమొన్న కదా. మా ఊళ్ళో ఆ వయసోళ్ళకి పళ్ళు గారపట్టడం, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగడం మాకేం కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా నడక. కాళ్ళు బిగుసుకుపోతన్నయ్, చెప్పు జారిపోయినా తెలవట్లా, చొక్కా గుండీలు పెట్టుకోడానికి అమ్మని పిలుస్తన్నాడు. నడుం నొప్పి కూడా ఉందంటే మొదట చూపించిన చోట నడుం ఎమ్మారై రాశారు, నడుం కింది పూసలు ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్త బయటికి ఉబ్బిందని వచ్చింది, బెల్టూ మాత్రలూ ఇచ్చి పంపించారు, గుణం లేదు. ఇప్పుడు ఒంగోల్లో నరాల డాక్టరు గారు ఆ రిపోర్టు పక్కనబెట్టి, నాయన్ని అటూఇటూ నడిపించి, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూసి, ఇది నడుం సంగతి కాదయ్యా, మెడ ఎమ్మారై తీసి వెన్ను మొత్తం ఒకసారి స్క్రీనింగ్ చెయ్యాల, మెడకి సీటీ కూడా కావాల, దాంతోపాటు ముంజేతికి ఎక్స్‌రే తీయించుకురండి అన్నారు. మా బావేమో ఇదంతా స్కానింగుల కమీషన్ యవ్వారం అంటాడు. నాకూ అర్థం కాలా, నడకకి చేతి ఎక్స్‌రే ఏంది? తెలిసినోళ్ళు చెప్పండి.

మార్కాపురం_మామ:
మీ బావ అన్నదాంట్లో నిజం లేకపోలేదు అబ్బాయా, ఈ రోజుల్లో తలనొప్పికి కూడా ముందు స్కానింగే రాస్తన్నారు. కానీ మనిషిని నడిపించి చూసి రాసిన డాక్టరు మాట వేరు, చూడకుండా రాసినోడి మాట వేరు. నేనైతే తీయిస్తా.

స్కాన్‌రూమ్_నెల్లూరు:
నేను నెల్లూర్లో స్కాన్ సెంటర్లో టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు, రోజూ చూసేది చెప్తా. కాలు లాగుతోందనగానే నడుం ఎమ్మారై రాయించుకొచ్చేవాళ్ళు బోల్డంత మంది. అసలు వెన్నుపాము నడుం మొదట్లోనే, ఎల్1-ఎల్2 దగ్గర అయిపోద్ది, కింద ఉండేవి నరాల పోగులే. ఆ పోగులు నొక్కుకుంటే కాలు జివ్వుమని లాగుద్ది, తిమ్మిరెక్కుద్ది, పట్టు తగ్గుద్ది. కాలు బిగుసుకుపోయి, దాంతో పాటు చేతివేళ్ళు కూడా మాట వినట్లేదంటే నొక్కుడు పైన మెడ దగ్గరుందని అనుమానం. నడుం ఎమ్మారైలో మెడ రాదు కదా. అందుకే మీ నాయనది చూసి మెడ రాశారు, నాకైతే కరెక్టే అనిపిస్తంది.

ఇంకో సంగతి, ఇది ఎవరూ ముందు చెప్పరు. మెడ, వీపు బిగుసుకుని వంగిపోయిన వాళ్ళు ఆ టేబుల్ మీద వెల్లకిలా పడుకోలేరు, తల గాల్లో ఉంటది. కాయిల్, అదే బొమ్మ కోసం మెడ చుట్టూ పెట్టే చట్రం, పెట్టాలని తలని బలవంతంగా వెనక్కి వంచకూడదు, లోపల వెన్నుపాము ఇరుకులో ఉంటే ఇంకా నొక్కుకుంటది. తల కిందా మోకాళ్ళ కిందా దిండ్లు పెట్టమని ముందే అడగండి, మొహమాటపడొద్దు. అరగంట పైనే పడతది, శబ్దం బాగా ఉంటది, చెవుల్లోకి ప్లగ్గులు ఇస్తారు. గుండెకి పేస్‌మేకర్, ఒంట్లో పాత రాడ్డు, కంట్లో ఎప్పుడన్నా ఇనప రజను పడ్డం, ఏదున్నా లోపలికి పోకముందే చెప్పాల. మొలతాడుకి ఉన్న తాయెత్తులు కూడా తీసేసి పొమ్మనండి, పెద్దోళ్ళు అది మాత్రం తియ్యరు బాబూ, ప్రతిసారీ ఒక పంచాయితీ.

రేడియాలజీ_పీజీ:
పైన ఆయన బాగా చెప్పారు. ఎమ్మారైతో పాటు సీటీ ఎందుకు, ముంజెయ్యి ఎందుకు అన్నది నేను చెప్తా, కొంచెం పొడుగవుద్ది.

మీ నాయనకి ఫ్లోరోసిస్ అని, అంటే నీళ్ళల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని డాక్టరు గారి అనుమానం అయ్యుంటది. నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దుని బాగా దాటి ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే ఎముకల్లో పేరుకుని అవి చిక్కబడతాయి, ఎక్స్‌రేలో వెన్నుపూసలు సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తాయి. దాంతో ఆగితే ఇంత ఇబ్బంది ఉండదు. వెన్నుపూసల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు కూడా ఎముకగా మారిపోతాయి, వాటిల్లో వెన్నుపాము ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటాయి, అవి లావెక్కేకొద్దీ మధ్యలో దారి ఇరుకైపోద్ది. ఎమ్మారైలో వెన్నుపాము ఎంత నలిగిందో బాగా తెలుస్తుంది, నీళ్ళు తెల్లగా కనపడే టీ2 అనే రకం బొమ్మల్లో వెన్నుపాము లోపల తెల్లమచ్చ ఉంటే నలుగుడు వల్ల దానికి దెబ్బ తగిలిందని అర్థం. కానీ నొక్కేది ఏంది అన్న దగ్గర ఎమ్మారై తడబడుద్ది, మామూలు లిగమెంటూ నలుపే, ఎముకగా మారిందీ నలుపే. సీటీలో అయితే ఆ ఎముక తెల్లగా, ఎన్ని పూసల పొడుగునా ఉంది, ఎంత మందం ఉంది అని కొలవొచ్చు. ఆపరేషన్ ముందు నుంచా వెనక నుంచా అని తేల్చుకోడానికి సర్జన్‌కి అది కావాలి. సీటీకి రేడియేషన్ ఉంది నిజమే, కానీ ఈ వయసులో, ఈ పరిస్థితిలో అది లెక్కలోకి రాదు. వెన్ను మొత్తం స్క్రీనింగ్ ఎందుకంటే ఇదే ఇరుకు ఛాతీ వెనక భాగంలో కూడా రావచ్చు, మెడ ఒక్కటే చూసి ఆపరేషన్ చేస్తే కింద ఇంకోటి మిగిలిపోద్ది.

ఇక ముంజెయ్యి. అక్కడి రెండెముకల మధ్య ఒక పొర ఉంటది, ఫ్లోరోసిస్‌లో అది గట్టిపడి ఎముకల అంచున ముళ్ళు ముళ్ళుగా కనపడుద్ది. వెన్ను బిగుసుకునే జబ్బులు ఇంకా ఉన్నాయి కదా, అంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటివి, వాటికీ దీనికీ తేడా పట్టుకోడానికి ఆ ఒక్క ఎక్స్‌రే చాలా పనికొస్తుంది. అన్నిట్లోకీ చౌక కూడా అదే, కమీషన్ కోసం రాసే పరీక్ష అయితే కాదు.

మీకు తెలుసో లేదో, మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బుని మొదట పట్టుకుంది మన దగ్గరే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అని మద్రాసు గిండీలో ఉన్న పరిశోధన సంస్థ కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అని పేపర్ రాశారు, అప్పుడు మీ కనిగిరీ పొదిలీ దర్శీ అన్నీ నెల్లూరు జిల్లానే, ఒంగోలు జిల్లా వచ్చింది 1970లో గదా. అదే ఏడాది ఇంకో పేపర్లో మద్రాసులో ఎక్స్‌రేలు చూసే బర్నార్డ్ కూడా ఉన్నాడు. తర్వాత న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు వెన్నుపాము మీద దీని దెబ్బ గురించి చాలా రాశారు. అంటే మీ నాయన ఎక్స్‌రే లాంటివి చూసే ఎముకల డాక్టర్లు దాదాపు తొంభయ్యేళ్ళ నుంచి పాఠాలు చదువుతున్నారు, మంచి నీళ్ళు మాత్రం ఇదిగో అదిగో అంటా ఇంకా వస్తానే ఉన్నాయి.

ఆ డిస్క్ బల్జ్ గురించి కంగారుపడొద్దు. 1994లో అమెరికాలో నడుం నొప్పి అసలు లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందికి బల్జ్ కనపడింది. అరవై దాటిన మనిషికి అది రిపోర్టులో రాకపోతేనే ఆశ్చర్యం.

ఉదయగిరి_పద్మ:
మా అమ్మకి ఇదే, మెడ ఆపరేషన్ అయింది. చేతులు బాగా తేరుకున్నయ్, అన్నం కలుపుకుంటది, పూలు కట్టుకుంటది. నడక మాత్రం కర్ర సాయంతోనే, మేము తీసకపోయేటప్పటికే ఆలస్యమైందన్నారు. ఆ ఎముక చాలా గట్టిగా ఉందని, అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టిందని సర్జన్ గారు చెప్పారు. తమ్ముడూ, ఒంటేలుకి పోయేదాంట్లో తేడా వచ్చిందా అడుగు నాయన్ని, మగోళ్ళు చెప్పరు. వస్తే మాత్రం స్కాన్ డేటు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే తీసకపో. ఆపరేషన్ దాకా వస్తే ఎన్టీఆర్ వైద్య సేవలో ఏం వర్తిస్తదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు.

కనిగిరి_కుర్రోడు:
అక్కా, అడిగినా. రాత్రిపూట ఆపుకోలేకపోతన్నా అని ఇప్పుడు చెప్తన్నాడు మారాజు. డాక్టరు గారికి ఫోన్ చేశా, రేప్పొద్దున్నే తీసకరమ్మన్నారు, రెండు స్కానులూ అక్కడే తీయిస్తామన్నారు. బావ కూడా వస్తన్నాడు, కారు ఆయనదే. పాత ఫిల్మ్‌లు కూడా పట్టుకుపోవాల్నా? స్కాన్ అయ్యాక సీడీ ఇస్తారా, ఫిల్మ్ చాల్నా?

స్కాన్‌రూమ్_నెల్లూరు:
పాతవన్నీ తీసకపోండి, ఎక్స్‌రే కవరుతో సహా. సీడీ అడిగి తీసుకోండి, ఫిల్మ్ మీద కొన్ని బొమ్మలే అచ్చవుతయ్, రేపు ఇంకో ఊళ్ళో సర్జన్‌కి చూపించాలన్నా మొత్తం సీడీలోనే ఉంటది. కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టి తల వెనక దిండు పెట్టండి, కుదుపులు తగలకుండా మెల్లగా పొమ్మనండి మీ బావని.