చిన్న రాకెట్ చాంబర్‌లో లేజర్‌తో గ్యాస్ కొలవడానికి 1.4 మైక్రాన్ సరిపోతుందా?

కుషాయిగూడ_థ్రస్ట్:
అందరికీ నమస్తే. ఎమ్‌టెక్ ప్రాజెక్ట్ కోసం మీథేన్, ఆక్సిజన్ గ్యాస్‌లతో నడిచే చిన్న కంబస్టర్ చేస్తున్నాం. చాంబర్ ప్రెషర్ 10 బార్ దాకా, లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, ఒక్కో ఫైరింగ్ రెండు సెకన్లే. లోపల 3000 కెల్విన్ దాటుతుంది కాబట్టి థర్మోకపుల్ పెట్టే మాటే లేదు, ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్, లోడ్ సెల్ చూసి ఎంత బాగా కాలిందో లెక్క కట్టొచ్చు గానీ లోపల ఏ గ్యాస్ ఎంతుందో అవి చెప్పవు. మా గైడ్ లేజర్ అబ్సార్ప్షన్ (గ్యాస్ గుండా లేజర్ పంపి ఎంత వెలుగు పీల్చుకుందో కొలవడం) చూడమన్నారు. టెలికాం రకం 1.4 మైక్రాన్ డయోడ్ లేజర్‌తో నీటి ఆవిరిని కొలిస్తే చాలా, లేక కార్బన్ మోనాక్సైడ్ కోసం 4.8 మైక్రాన్ క్వాంటం క్యాస్కేడ్ లేజర్ కొనాల్సిందేనా? దాని కొటేషన్ చూసిన దగ్గర్నుంచి డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ మాట్లాడట్లేదు.

ఫోటాన్_పద్మ:
తమ్ముడూ, గ్యాస్ ఎంతుందో ఒక్క లైన్‌తో (గ్యాస్ పీల్చుకునే ఒక్క రంగుతో) చెప్పలేం, ఎందుకంటే కాంతి ఎంత తగ్గిందనేది గ్యాస్ మోతాదు మీదే కాదు, టెంపరేచర్ మీద కూడా ఆధారపడుతుంది. అందుకే ఒకే దారిలో రెండు లైన్లు కొలిచి నిష్పత్తి తీస్తారు. మోతాదు, ప్రెషర్, దారి పొడవు మూడూ కొట్టేసుకుపోయి టెంపరేచర్ ఒక్కటే మిగులుతుంది, అది దొరికాక వెనక్కి వచ్చి మోతాదు లెక్క కడతారు.

నీటికి అందరూ వాడే జంట 7185.6, 7444 వేవ్‌నంబర్ల (ఒక సెంటీమీటర్‌లో పట్టే తరంగాల లెక్క) దగ్గరి లైన్లు. కానీ నీ కేసులో తిరకాసు అక్కడే ఉంది. ఆ రెంటి కింది స్థాయి శక్తుల (కాంతిని పీల్చే ముందు అణువుకున్న శక్తి) తేడా సుమారు 750 వేవ్‌నంబర్లు, దాన్ని 1.44తో గుణించి టెంపరేచర్‌తో భాగిస్తే నిష్పత్తి ఎంత సెన్సిటివ్‌గా ఉంటుందో వస్తుంది. 1000 కెల్విన్ దగ్గర ఒకటికి పైన ఉంటుంది, బాగుంది. 3000 దగ్గర 0.36, అంటే టెంపరేచర్ 10 శాతం మారితే నిష్పత్తి కదిలేది మూడున్నర శాతమే, నాయిస్‌లో కలిసిపోతుంది. తేడా 2000 దాటే లైన్లు వెతుక్కో. వెతికేటప్పుడు లైన్ల మామూలు జాబితా హైట్రాన్ కాదు, ఎక్కువ వేడి కోసం చేసిన హైటెంప్ డేటాబేస్ తీసుకో, ఇంత వేడిలో బయటపడే లైన్లు మామూలు జాబితాలో చాలా వరకు ఉండవు.

నాజిల్_నర్సింహ:
పద్మ గారు చెప్పింది కరెక్టే, నేను ప్రెషర్ గురించి చెప్తా. గది వేడిలో ఒక బార్ దగ్గర లైన్ వెడల్పు సుమారు 0.1 వేవ్‌నంబర్, ప్రెషర్‌తో పాటు పెరుగుతుంది. వేడికి కొంత తగ్గుతుంది గానీ నీటి లైన్లు అసలే ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఉంటాయి, 10 బార్‌కి కలగలిసిపోతాయి. డయోడ్ లేజర్ కరెంట్‌తో కదిలేది ఒకటి రెండు వేవ్‌నంబర్లే, కాబట్టి బేస్‌లైన్ (గ్యాస్ ఏమీ పీల్చుకోనప్పటి వెలుగు మట్టం) ఎక్కడుందో కనపడదు. కార్బన్ మోనాక్సైడ్ లైన్ల మధ్య దాదాపు 4 వేవ్‌నంబర్ల ఎడం ఉంటుంది, బలం కూడా ఎక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో హాన్సన్ గ్రూపు లాంటి వాళ్లు 4.8 వైపు వెళ్లడానికి పెద్ద కారణం ఇదే, ఫ్యాషన్ కాదు.

అయినా నేనైతే ముందు లేజర్ గురించి కాదు, కిటికీ గురించి టెన్షన్ పడతా. 1.4కి క్వార్ట్జ్ చాలు, 4.8కి అది గోడతో సమానం, సఫైర్ కావాలి, అదీ పల్చగా. మసి పట్టడం, బీమ్ అటూ ఇటూ వంగడం లాంటి వాటికి 2ఎఫ్/1ఎఫ్ పద్ధతి ఉంది, లేజర్‌ని వేగంగా మాడ్యులేట్ చేసి రెండు హార్మోనిక్స్ నిష్పత్తి తీస్తే వెలుగు తగ్గిన లెక్క పోతుంది. మన దగ్గరే హైదరాబాద్ రక్షణ ల్యాబ్ డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో స్క్రామ్‌జెట్ (హైపర్‌సోనిక్ వేగాల ఇంజిన్) కంబస్టర్‌ని 1000 సెకన్లకు పైగా నడిపింది, దాంతో పోలిస్తే నీ రెండు సెకన్లలో కిటికీకి పడే వేడి తక్కువే, భయపడకు. పైగా 10 కిలోహెర్ట్జ్ స్కాన్‌తో ఆ రెండు సెకన్లలోనే 20,000 స్పెక్ట్రాలు వస్తాయి.

కిటికీని బిగించే ఫ్లాంజ్ బాలానగర్‌లో చేయించుకో, ఓ-రింగ్ గాడి కొలతలు నోటితో చెప్పకు, డ్రాయింగ్ ఇవ్వు. అక్కడి నుంచి వచ్చిన ప్రతి ముక్కకీ కటింగ్ ఆయిల్ ఉంటుంది, ఆక్సిజన్ లైన్ దగ్గరికి పోయే ముందు పూర్తిగా కడగాలి. ఇందులో జోకుల్లేవు, ఆయిల్, ఆక్సిజన్ కలిస్తే నిప్పు అక్కడే అంటుకుంటుంది.

కుషాయిగూడ_థ్రస్ట్:
థ్యాంక్స్ మేడమ్, థ్యాంక్స్ అన్నా. అయితే చాంబర్ వదిలేసి నాజిల్ బయట ప్లూమ్‌లో (బయటికి చిమ్మే మంటలో) కొలిస్తే? ప్రెషర్ తక్కువ, కిటికీ గొడవ కూడా ఉండదు.

ఫోటాన్_పద్మ:
తేలికే, కానీ అది వేరే కొలత. బయటి గాలి తగలగానే మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ కాలుతుంది, అంచుల్లో చల్ల గాలి కలుస్తుంది, లేజర్ చూసేది దారి మొత్తం సగటు కాబట్టి ఏది ఎక్కడిదో విడదీయలేవు. కొలిస్తే నాజిల్ అంచుకి ఆనుకునే కొలువు, వీలైనంత దగ్గరగా.

నీటి లైన్ వాడితే ఇంకో బెడద ఉంది, మన జూలై గాలి. లేజర్ నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి డిటెక్టర్ దాకా ఉన్న తేమ కూడా పీల్చుకుంటుంది, తక్కువ శక్తి లైన్‌కి ఆ దెబ్బ ఎక్కువ. ఆ దారంతా ట్యూబ్ పెట్టి నైట్రోజన్ వదలాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి ఈ బాధ దాదాపు లేదు.

నాజిల్_నర్సింహ:
బడ్జెట్ మాటకొస్తే, 1.4 లేజర్ కొని ముందు మామూలు బర్నర్ మీద, తర్వాత చాంబర్‌ని 2, 3 బార్ దగ్గర నడిపి నీటిని కొలువు. ఆ డేటా చూపిస్తే 4.8 లేజర్‌ని వేరే ల్యాబ్ వాళ్లు అప్పుగా ఇవ్వడానికైనా ఒప్పుకుంటారు, వట్టి ప్రపోజల్‌కి ఎవరూ ఇవ్వరు. ఏ లేజర్ వాడినా డిటెక్టర్ ముందు లేజర్ రంగునే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టు, 4.8లో అయితే మంట వెలుగే సిగ్నల్‌ని ముంచేస్తుంది. లేజర్ ఆపేసి, డిటెక్టర్ ఒక్కటే ఆన్ చేసి ఒక ఫైరింగ్ రికార్డ్ చేసిపెట్టుకో, తర్వాత తీసేయాల్సింది ఎంతో దాంట్లో తెలుస్తుంది.